శిల్పి రోడిన్ ఇంటి ఆడవాళ్లు, మన రిజిస్టరులో ఒక పేరు



ఈసారి రాసేది కొంచెం పొడుగు. ఓపికగా చదవండి. మేము బడిలో చదివినది తమిళం, తెలుగు ఇంట్లో నేర్చుకొన్నది. అక్షరం తప్పుపోతే దిద్దుకొని చదవమని ఎప్పటి మాదిరే అడుగుకొంటున్నాము.

పోయిన నెల మన సంఘం పిల్లలను ఎగ్మూరు మ్యూజియంకు పిలుచుకొని పోయినాము. కంచు విగ్రహాల గ్యాలరీలో తిరువాలంగాడు నటరాజు ముందర అందరినీ కూర్చోబెట్టి, మాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పినాము. ఇది చోళుల కాలం నాటిది. తిరువాలంగాడు ఎక్కడో కాదు, మన మద్రాసు నుంచి అరక్కోణం పోయే లైనులోనే ఉంది. ప్యాసింజరు బండిలో పోతే తిరువళ్లూరు దాటినాక వస్తుంది. ఆ తిరుత్తణి తాలూకా అంతా 1960 వరకు ఆంధ్రలో, చిత్తూరు జిల్లాలో ఉండినది. పటాస్కర్ గారి తీర్పు ప్రకారం అప్పుడు ఇటు కలిసింది. ఆ పక్క ఊళ్లలో ఈనాటికీ సగం ఇళ్లలో మన మాటే వినబడుతుంది.

ఇంకొకటి కూడా చెప్పినాము. ఈ నటరాజు ఫోటోలు 1913 దరిదాపుల్లో పారిస్ పట్టణం చేరినాయి. అక్కడ అగస్త్ రోడిన్ అనే మహాశిల్పి వాటిని చూసి, శివతాండవం మీద ఒక వ్యాసం రాసినాడు. ఫ్రెంచివాళ్లు ఆయన పేరును రొదాఁ అని పలుకుతారు. ఆ వ్యాసం ఆయన పోయినాక 1921లో అచ్చయింది. ఆయన ఇండియాకు రాలేదు, ఈ విగ్రహాన్ని కంటితో చూడలేదు. ఫోటోలు చూసే ఆ చేతుల వంపును, ఆ కాలి ఎత్తును అంతగా మెచ్చుకొన్నాడు. మన లైను స్టేషన్ పేరున్న స్వామికి పారిస్‌లో ఒక భక్తుడు ఉండినాడని చెప్పితే పిల్లలకు సంతోషంగా ఉంటుందని మా ఆశ.

కాలేజీ చదివే ఒక పాప చేయి ఎత్తింది. "తాతా, ఆయన తన శిష్యురాలిని మోసం చేసినాడంట కదా? ఆమె పిచ్చాసుపత్రిలోనే చచ్చిపోయిందంట. అట్లాంటి ఆయన మెచ్చుకొంటే మనకేం గొప్ప?" అని అడిగింది.

మాకు వెంటనే నోరు రాలేదు. "అదంతా పెద్దవాళ్ల సొంత విషయం తల్లీ" అని తప్పించుకొన్నాము. ఇంటికి వచ్చినాక ఆ మాట మమ్మల్ని నిద్రపోనియ్యలేదు. ఆ పాపకు సరైన బదులు చెప్పాలని ఈ నెలంతా చదివి ఇది రాస్తున్నాము. చదివేకొద్దీ, మన ఇంట్లోనే మనం బదులు చెప్పని ప్రశ్న ఒకటి ఉందని తెలిసింది. అది చివరలో చెప్తాము.

రోడిన్ 1840 నవంబరు 12న పారిస్‌లో పుట్టినాడు. పెద్ద ఇంటి బిడ్డ కాదు. తండ్రి పోలీసు శాఖ ఆఫీసులో చిన్న ఉద్యోగి, మన మాదిరి గుమాస్తా అనుకోండి. రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మన దక్షిణాది మొదటి రైలు నడిచిన 1856 జూలైలో ఆ పిల్లవాడికి పదిహేనేళ్లు. చూపు దగ్గరిది, చదువు అంతంత మాత్రం, చేతికి మాత్రం గీత బాగా వచ్చేది. పెద్ద శిల్పకళాశాలలో చేరేదానికి మూడుసార్లు పరీక్ష రాసినాడు. మూడుసార్లూ తప్పినాడు. పొట్టకోసం కట్టడాల మీద పువ్వులు, తీగెలు, ముఖాలు అచ్చుపోసే కూలిపని చేసినాడు. అట్లా ఇరవై ఏళ్లు దగ్గర దగ్గర గడిచింది. నలభై దాటేవరకు ఆయనను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన అక్క మరియా అంటే ప్రాణం. ఆమె ఒక ప్రేమ విఫలమై కన్యకామఠంలో చేరి, 1862లో చచ్చిపోయింది. ఆ దుఃఖంలో రోడిన్ కూడా సన్యాసుల మఠంలో చేరినాడు. అక్కడి పెద్ద ఫాదరు ఎయిమార్ మంచివాడు. "నీ చోటు ఇది కాదు, పోయి బొమ్మలు చేసుకో" అని తిరిగి పంపినాడు. ఆ ఫాదరు తలను కూడా రోడిన్ విగ్రహంగా చేసినాడు.

1864లో ఆయనకు రోజ్ బరే అనే అమ్మాయి తటస్థపడింది. పల్లెటూరి నుంచి వచ్చి పారిస్‌లో బట్టలు కుట్టి బతికే మనిషి. ఆయనకు ఇరవైమూడు, ఆమెకు ఇరవై. ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం మొదలుపెట్టినారు. పెళ్లి చేసుకోలేదు. 1866లో కొడుకు పుట్టినాడు. ఆ బిడ్డకు రోడిన్ తన ఇంటిపేరు ఇవ్వలేదు. అగస్త్ అనే పేరు మాత్రం ఇచ్చినాడు. ఇంటిపేరు తల్లిది, బరే.

రోజ్ చేసిన పని ఏమిటో ఒకటి చెప్తాము. మట్టిబొమ్మ ఎండితే పగులుతుంది. పని పూర్తయ్యేవరకు దానిమీద తడిబట్ట కప్పుతూ ఉండాలి, ఆరకుండా మళ్లీ మళ్లీ తడుపుతూ ఉండాలి. రోడిన్ ఊరిలో ఉన్నా లేకున్నా ఆ తడిబట్ట పని రోజ్‌ది. చలికాలంలో మంట లేని కొట్టంలో అది చిన్నపని కాదు. ఆ తొలి రోజుల్లో "ముక్కు విరిగిన మనిషి" అని ఒక తల చేసినాడు. చలికి ఆ మట్టి గడ్డకట్టి తల వెనకభాగం ఊడి పడిపోయింది. ముందు ముఖం మాత్రం మిగిలింది. దాన్ని ప్రదర్శనకు పంపితే ఒప్పుకోలేదు. ఈనాడు అది ఆయన మొదటి గొప్ప పని అంటారు.

1871లో పని వెతుక్కొని ఆయన బెల్జియం పోయినాడు. ఆ ఏడే ఆయన తల్లి పోయింది. ఆ కష్టకాలంలో పారిస్‌లో ఇంటిని చూసుకొన్నది రోజ్. తరువాత చూపు పోయిన ముసలి మామను సాకినది కూడా ఆమే. మామ అని మనం అంటున్నాము గాని, కాగితం ప్రకారం ఆమెకు ఆయన ఏమీ కాడు.

1877లో "కంచుయుగం" అనే నిలువెత్తు మగమనిషి బొమ్మ చూపించినాడు. అంత నిజంగా ఉండేసరికి, బతికిన మనిషి ఒంటిమీదనే అచ్చు తీసినాడని నింద వేసినారు. ఆ నింద తొలగేదానికి మూడేళ్లు పట్టింది. 1880లో సర్కారు దానిని కొన్నది. ఆ ఏడే ఒక మ్యూజియం కోసం పెద్ద తలుపు చేయమని ఆర్డరు వచ్చింది. అదే "నరక ద్వారం". ఆ మ్యూజియం అక్కడ కట్టనేలేదు. తలుపు పని మాత్రం ఆయన ముప్పైఏడేళ్లు, చచ్చేవరకు, చేస్తూనే ఉండినాడు. అందరికీ తెలిసిన "ఆలోచించే మనిషి" ఆ తలుపు పైన కూర్చోబెట్టేదానికి చేసినదే. "ముద్దు" కూడా ఆ తలుపు కోసం మొదలై, విడిగా వచ్చిన బొమ్మ.

ఇప్పుడు ఆ పాప అడిగిన శిష్యురాలి సంగతి.

కమీల్ క్లోదెల్ 1864 డిసెంబరులో పుట్టింది. రోడిన్, రోజ్ కాపురం మొదలైన ఏడే అది. చిన్నప్పటి నుంచి మట్టితో బొమ్మలు చేసే పిల్ల. తండ్రి ఆమెను నమ్మినాడు. తల్లికి ఆ పని ఎప్పుడూ నచ్చలేదు. 1881లో కుటుంబం పారిస్‌కు వచ్చింది. సర్కారు శిల్పకళాశాలలో ఆడపిల్లలను చేర్చుకోరు, 1897 వరకు ఆ తలుపు తెరవలేదు. అందుకని ప్రైవేటు బడిలో చేరింది. ఆమె గురువు అల్ఫ్రెడ్ బూషే ఇటలీకి పోతూ, నా శిష్యురాండ్రకు కొన్నాళ్లు నేర్పించమని రోడిన్‌ను అడిగినాడు. అట్లా కలిసినారు. ఆయనకు నలభై దాటింది, ఆమెకు ఇరవై నిండలేదు.

కొద్దినాళ్లకే ఆమె రోడిన్ పనిశాలలో సహాయకురాలు అయింది. చేతులు, పాదాలు చేసే పని ఆమెకు ఇచ్చినారు. బొమ్మలో చేయి చేయడం అందరికంటే కష్టమని ఆ పని తెలిసినవాళ్లు అంటారు. నరక ద్వారంలో, కాలే పట్టణపు పెద్దల గుంపు విగ్రహంలో ఆమె చేతిపని ఉంది. ఏ చేయి ఎవరిది అని పండితులు ఇంకా వాదించుకొంటూనే ఉన్నారు. కింద సంతకం మాత్రం ఒకటే.

వాళ్ల ప్రేమ గట్టిది. దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. రోడిన్ ఆమె ముఖాన్ని మళ్లీ మళ్లీ చేసినాడు. "ఆలోచన" అనే చలువరాతి బొమ్మలో ఒక ఆడమనిషి తల, దాని మీద బట్ట కుళ్లాయి, మెడ కింద అంతా చెక్కని రాతిదిమ్మె. అది కమీల్ ముఖం. 1886 అక్టోబరు 12న రోడిన్ ఆమెకు ఒక కాగితం రాసి ఇచ్చినాడు. ఇకమీద ఇంకో శిష్యురాలిని తీసుకోననీ, ఆమెను ఇటలీకి తీసుకుపోతాననీ, ఆ తరువాత ఆమె తనకు భార్య అవుతుందనీ దాని సారం.

మాట నిలబెట్టుకోలేదు.

ఇక్కడ ఒక వింత ఉంది. సరిగ్గా ఆ ఏడే కమీల్ ఒక పెద్ద బొమ్మ మొదలుపెట్టింది. దాని పేరు "శకుంతల". అవును, మన కాళిదాసు శకుంతలే. ఆ నాటకం ఫ్రెంచిలోకి పోయి అక్కడ బాగా పేరు తెచ్చుకొని ఉండినది. బొమ్మలో మగవాడు మోకాళ్ల మీద ఉండి ఆమెను పట్టుకొని ఉంటాడు. ఆమె తల వాల్చి అతని మీద ఒరిగి ఉంటుంది. మరిచిన రాజు తిరిగి వచ్చి క్షమాపణ అడిగే ఘట్టం అది. 1888 ప్రదర్శనలో దానికి ప్రశంస దొరికింది. చేతిలో మాట రాసిన కాగితం, ఎదురుగా శకుంతల బొమ్మ. ఆ పిల్ల ఏమనుకొంటూ ఆ మట్టి పిసికిందో అని మేము చాలాసేపు ఆలోచించినాము.

శకుంతల కథ మన వాళ్లకు రెండు విధాలుగా తెలుసు. కాళిదాసు కథలో దుర్వాసుడి శాపం ఉంది, ఉంగరం ఉంది. రాజు నిజంగానే మరిచిపోయినాడు, అతని తప్పు లేదు. కాని భారతంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. రాజుకు అంతా జ్ఞాపకం ఉంది. ఉండీ, నిండుసభలో "నీవెవరో నాకు తెలియదు" అంటాడు. లోకులు ఏమంటారో అని భయం. శకుంతల ఏడ్చి పోలేదు, సత్యం అంటే ఏమిటో నిలబడి రాజుకు చెప్పింది. ఆకాశవాణి పలికినాకనే అతడు ఒప్పుకొన్నాడు. నన్నయ గారు ఆదిపర్వంలో తెలుగు చేసినది ఈ కథనే. ఆయనతో రాయించినది రాజరాజనరేంద్రుడు, రాజేంద్రచోళుని అల్లుడు. ఆ రాజేంద్రచోళుని రాగిశాసనం దొరికినది మన తిరువాలంగాడులో. చూడండి, ఎక్కడ మొదలుపెట్టినా మన లైనులోకే వస్తున్నాము.

మేము చెప్పవచ్చినది ఇది. కాళిదాసు మహాకవి. రాజు గౌరవం కాపాడేదానికి ఒక శాపం తెచ్చి పెట్టినాడు. పెద్దవాళ్ల జీవితచరిత్రలు రాసేవాళ్లు చాలామంది ఇదే పని చేస్తారు. "మహాకళాకారుడు కదా, లోకం మరిచి ఉంటాడు" అంటారు. అది దుర్వాస శాపం వంటిదే. రోడిన్ ఏమీ మరిచిపోలేదు. ఒకవైపు ఇరవై ఏళ్లకు పైగా తన కష్టంలో తడిబట్ట కప్పిన మనిషి, ఇంకోవైపు తన పనిని అర్థం చేసుకొన్న మనిషి. ఎవరినీ వదలలేక, ఎవరికీ న్యాయం చేయక, కాలం జరిపినాడు.

1892 తరువాత కమీల్ దూరం జరిగింది. ఒంటరిగా పనిచేసింది. "వాల్ట్స్ నాట్యం" వంటి మంచి పనులు చేసింది. "పండిన వయసు" అనే గుంపు బొమ్మలో ఒక ముసలావిడ ఒక మగవాడిని లాక్కొని పోతూ ఉంటుంది. వెనకాల ఒక పడుచుపిల్ల మోకాళ్ల మీద చేతులు చాచి ఉంటుంది. అతని చేయి ఆమె చేతికి అందదు. ఇది ఎవరి కథో పారిస్‌లో అందరికీ తెలుసు. సర్కారు 1895లో ఇచ్చిన ఆ ఆర్డరును 1899లో రద్దు చేసుకొన్నది.

బీదతనం ఒకవైపు, ఆడది శిల్పమా అనే లోకం ఒకవైపు. మెల్లగా ఆమె మనసు చెదిరింది. రోడిన్ మనుషులు తన పనులు దొంగిలిస్తున్నారని భయపడేది. తాను చేసిన బొమ్మలను తానే పగలగొట్టేది. 1913 మార్చిలో తండ్రి పోయినాడు. ఎనిమిది రోజులకే, మార్చి 10న, తల్లీ తమ్ముడూ ఆమెను పిచ్చాసుపత్రిలో చేర్పించినారు. ఆ తమ్ముడు పాల్ క్లోదెల్, పేరుపొందిన కవి, దేశదేశాల్లో రాయబారి. అక్కడినుంచి ఆమె బయటికి రాలేదు. తరువాత డాక్టర్లు ఇంటికి పంపవచ్చని రాసినా తల్లి ఒప్పుకోలేదు. చూసేదానికి కూడా తల్లి పోలేదు. ముప్పై ఏళ్లు అక్కడే ఉండి, 1943 అక్టోబరు 19న కమీల్ చచ్చిపోయింది. గుర్తు లేని పొదుగుంటలో పూడ్చినారు.

ఆ పాపకు మేము ఒకటి చెప్పాలి. రోడిన్ చేసిన తప్పు చిన్నది కాదు. కాని అన్నీ ఆయన తల మీద వేస్తే అదీ చరిత్ర కాదు. ఆసుపత్రి కాగితం మీద సంతకం ఆయనది కాదు, కన్నవాళ్లది. ఆమెకు ఆర్డర్లు రావాలని, ఆమె పనిని నలుగురూ చూడాలని ఆయన పదిమందికీ చెప్పినాడు. తన మ్యూజియంలో ఆమె పనులకు ఒక గది ఉండాలని స్నేహితులు అడిగితే ఒప్పుకొన్నాడు. ఆ గది ఈనాడు పారిస్‌లో ఉంది. 2017లో నోజాఁ అనే ఊళ్లో ఆమె పేరుమీదనే ఒక మ్యూజియం తెరిచినారు.

కమీల్ తరువాత కూడా రోడిన్ జీవితంలో ఆడవాళ్లు ఉండినారు. గ్వెన్ జాన్ అనే వేల్సు దేశపు చిత్రకారిణి ఆయనకు మోడలుగా నిలబడి, ప్రేమించి, వందలకొద్దీ జాబులు రాసింది. ఆమె గీసిన బొమ్మలకు ఈనాడు గొప్ప విలువ. ష్వాజల్ డచెస్ అనే అమెరికా పుట్టుక ఆవిడ కొన్నేళ్లు ఆయన ఇంటిని, వ్యాపారాన్ని తన చేతిలో పెట్టుకొన్నది. 1912లో అదీ తెగింది. నాట్యమంటే కూడా ఆయనకు పిచ్చి. 1906లో కంబోడియా రాజనర్తకులు పారిస్ వస్తే, వాళ్ల బొమ్మలు గీస్తూ వెంటబడి మార్సే రేవు వరకు పోయినాడు. మన నటరాజు ఫోటో చూసి ఆయన ఎందుకు చలించినాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంత జరుగుతున్నా రోజ్ మ్యూడాన్ ఊరి ఇంట్లోనే ఉండినది. రాజులు, రాయబారులు, రచయితలు ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్లు. వచ్చినవాళ్లలో కొందరు ఆమెను పనిమనిషి అనుకొన్నారట. 1916లో రోడిన్ తన బొమ్మలు, సేకరించిన పాత విగ్రహాలు, అన్నీ ఫ్రెంచి సర్కారుకు రాసి ఇచ్చినాడు. దానికి బదులుగా మ్యూజియం వచ్చింది. అప్పటికీ రోజ్ కాగితంలో ఎవరూ కాదు.

చివరకు 1917 జనవరి 29న మ్యూడాన్‌లో వాళ్ల పెళ్లి జరిగింది. ఆయనకు డెబ్భైఆరు, ఆమెకు డెబ్భైరెండు. కాపురం మొదలై యాభైమూడేళ్లు. అది యుద్ధకాలం, బొగ్గు దొరకని చలికాలం. ఆమెకు అప్పటికే జబ్బు. ఫిబ్రవరి 14న చచ్చిపోయింది. రోజ్ భార్యగా బతికినది పదహారు రోజులు. ఆ నవంబరు 17న ఆయన కూడా పోయినాడు. ఇద్దరినీ పక్కపక్కనే పూడ్చి, మీద ఆలోచించే మనిషిని కూర్చోబెట్టినారు.

మేము రైల్వేలో పనిచేసినది ఎక్కువకాలం సెటిల్‌మెంటు సెక్షనులో. రిటైరు అయినవాళ్లకు, సర్వీసులో పోయినవాళ్లకు లెక్కలు తేల్చే పని. కుటుంబ వివరాల ఫారంలో ఎవరి పేరు ఉంటే వాళ్లే కుటుంబం. ఒకసారి ఒక గ్యాంగుమ్యాను పోయినాక ఇద్దరు ఆడవాళ్లు వచ్చినారు. మా ఆఫీసు బెంచీమీద ఈ కొసకు ఒకరు, ఆ కొసకు ఒకరు కూర్చొన్నారు. ఫారంలో ఒక పేరే ఉంది. ఆమె పని చేసి పంపినాము. రెండో ఆమెతో "నీకు రూలు లేదమ్మా" అన్నాము. ఆమె అన్నది, "డబ్బు అడగను సారూ. సర్వీసు రిజిస్టరులో ఆయన ఫోటో ఉంటుందంట కదా. అది ఒకసారి చూపిస్తారా, నా దగ్గర ఒకటి కూడా లేదు." మేము చూపించలేదు. రిజిస్టరు బయటివాళ్లకు చూపకూడదని రూలు. తప్పు రూలు కాదు అది. కాని ఆ రోజు సాయంత్రం బండిలో ఇంటికి పోతూ మాకు మా చిన్నవ్వ జ్ఞాపకం వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మన సంఘంలో కుటుంబాల వంశవృక్షం రిజిస్టరు తయారవుతూ ఉంది కదా. మా ఇంటి ఫారం మా చేతికి వచ్చింది. తాత పేరు రాసినాము. అవ్వ పేరు రాసినాము. ఆ కింద పెన్ను ఆగింది.

మా తాతకు అరక్కోణంలో ఇంకో కాపురం ఉండినది. ముప్పై ఏళ్ల కాపురం. ఆమెను మేము చిన్నవ్వ అనేవాళ్లం. తాళి లేదు, పిల్లలు లేరు. మా ఊళ్లో హైస్కూలు లేక మమ్మల్ని అరక్కోణంలో చేర్చినప్పుడు మేము ఉండినది ఆమె ఇంట్లో. ఐదేళ్లు ఆమె చేతి కూడు తిన్నాము. బడిలో అంతా తమిళం. సాయంత్రం దీపం పెట్టినాక ఆమె ముగ్గుపిండి పళ్లెంలో పోసి, వేలు పట్టించి అ ఆ ఇ ఈ దిద్దించేది. "బడిలో వాండ్ల అక్షరం నేర్చుకో, ఇంట్లో మన అక్షరం మరవద్దురా" అనేది. పెద్దబాలశిక్ష మాకు చదివించినది ఆమే. తాత పోయిన రోజు ఆమెను శవం దగ్గరికి రానియ్యలేదు. వీధి చివర చింతచెట్టు కింద నిలబడి చూసింది. మా అవ్వ అది చూసి, ఎవరికీ చెప్పకుండా మా చేత ఒక చెంబు మజ్జిగ పంపింది. ఆ తరువాత ఎనిమిదేళ్లు బతికినది చిన్నవ్వ. మేము పోయి చూసినది మూడుసార్లు. అప్పటికి మేము కూడా ఉద్యోగస్తులం, పెద్దమనుషులం.

ఇంట్లో కొందరు అన్నారు, "ఆ పేరు ఎందుకు ఇప్పుడు? పిల్లల పెళ్లి సంబంధాలకు ఈ రిజిస్టరే చూస్తారు" అని. సంఘంలో ఒక పెద్దాయన కూడా మెల్లగా ఇదే చెప్పినారు. వాళ్ల మాటలో చెడ్డ ఉద్దేశం లేదు. మర్యాద కాపాడుకోవాలనే ఆలోచన. కాళిదాసు ఆలోచన కూడా అదే.

ఇంకో మాట కూడా మమ్మల్ని పట్టింది. ఆ పేరు రాస్తే మా అవ్వకు అన్యాయం అవుతుందా? రోజ్ పేరు చెప్పేవాళ్లు కమీల్‌ను దింపుతారు, కమీల్ పేరు చెప్పేవాళ్లు రోజ్‌ను మొరటు మనిషి అంటారు. ఆ ఇద్దరిలో ఎవరు ఎక్కువ అని పోటీ పెట్టడం మనకు అలవాటు. తప్పు చేసినవాడు మధ్యలో నుంచి తప్పించుకొని పోతాడు. మా అవ్వ పంపిన ఆ చెంబు మజ్జిగ తలుచుకొంటే మాకు బదులు దొరికింది. అవ్వే ఆమెను లెక్కలోకి తీసుకొన్న తరువాత, రాయకుండా ఉండేదానికి మేమెవరం?

ప్రతి ఉగాదికీ మనం సంఘం మీటింగులో నాలుగు వందల ఏళ్లుగా తమిళదేశంలో తెలుగు నిలబెట్టుకొన్నాము అని గొప్పగా చెప్పుకొంటాము. నిలబెట్టినవాళ్లు ఎవరు? వేదిక మీద ఫోటోలున్న మగవాళ్లమేనా? మా వరకు చెప్పితే, ఈరోజు మీరు చదువుతున్న ఈ అక్షరాలు ముగ్గుపిండిలో దిద్దినవి. దిద్దించిన మనిషి పేరు ఏ ఫారంలోనూ లేదు.

అందుకని పోయిన బుధవారం మా ఇంటి ఫారంలో అవ్వ పేరు పక్కన చిన్నవ్వ పేరు కూడా రాసి, సంతకం చేసి, సెక్రటరీ గారికి ఇచ్చి వచ్చినాము. సంబంధం అనే గడిలో ఏమి రాయాలో తెలియక, "మాకు తెలుగు నేర్పిన చిన్నవ్వ" అని రాసినాము. కమిటీ దానిని ఉంచుతుందో తీస్తుందో పెద్దల ఇష్టం. తీసేటట్లయితే ఒక మాట మాతో చెప్పమని అడుగుకొంటున్నాము.

ఇక ఆ పాపకు బదులు. అమ్మా, రోడిన్ మెచ్చినందువల్ల మన నటరాజుకు వచ్చిన గొప్ప ఏమీ లేదు, నీ మాట నిజమే. ఆ స్వామి ఆయన మెచ్చకముందూ అంతే, తరువాతా అంతే. రోడిన్ చేతిలో గొప్పతనం ఉండినది, మాటలో లేదు. రెండూ ఒకే మనిషివి. ఒకటి చెప్పి ఒకటి దాచితే అది చరిత్ర కాదు. ఈసారి మ్యూజియంకు పోయినప్పుడు బొమ్మ చేసినవాడి పేరుతోపాటు, ఆ మట్టిమీద తడిబట్ట కప్పినవాళ్లు ఎవరు, చేతులు పాదాలు చేసినవాళ్లు ఎవరు అని కూడా అడుగు. ఆరోజు మేము తప్పించుకొన్నందుకు క్షమించు.

తిరువాలంగాడు పోవాలనుకొనేవాళ్లు చెప్పండి, ఒక ఆదివారం కలిసి పోదాము. స్టేషన్ నుంచి గుడి కొంచెం దూరం, ఆటోలు ఉంటాయి. ఆ గుడిలో ఆడే స్వామి పాదాల దగ్గర కారైక్కాల్ అమ్మయారు కూర్చొని పాడుతూ ఉంటుంది. మొగుడు వదిలి వేరే ఊళ్లో ఇంకో పెళ్లి చేసుకొన్న ఆడమనిషి ఆమె. అరవైముగ్గురు నాయనార్లలో ఆమె పేరు రాసి పెట్టినారు మన పెద్దలు. మొగుడి పేరు కథలో మాత్రం ఉంది.

మీ ఇళ్ల ఫారాలు ఇంకా ఇవ్వనివాళ్లు ఇచ్చేముందు ఒకసారి ఇంట్లో ముసలివాళ్లను అడిగి చూడండి. రాయని పేరు ఒకటి ఉంటుంది.